డ్రమ్ము విడవని చుట్లు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన అంటారు. మా జీపుకి వించ్ కూడా ముక్కు మీదే ఉంది. ఇద్దరికీ జోడీ కుదిరిందని టెక్కలిలో తన ఆఫీసు వాళ్లకి చెప్పి నవ్వించారట. నవ్వుకోనీ. ఆయన పొద్దున్నే బస్సెక్కి పోతే మళ్లీ దీపాలు పెట్టే వేళకి గానీ ఇల్లు చేరరు. ఈలోగా కొబ్బరి తోట, జీడి తోట, గేదె, జీపు అన్నీ నా నెత్తి మీదే. కోపం రాకపోతే ఎలా?

వించ్ అంటే తెలియని వాళ్లకి ఒక్క ముక్క చెప్తాను. జీపు ముందు బంపరు మీద ఒక ఇనుప డ్రమ్ము, దాన్ని తిప్పడానికి ఒక మోటారు. డ్రమ్ముకి తాడు చుట్టి ఉంటుంది. తాడు కొస బయటికి లాగి దేనికో తగిలించి, చేతిలోని స్విచ్ నొక్కితే డ్రమ్ము తిరిగి తాడుని మళ్లీ చుట్టుకుంటుంది. అవతల కట్టింది ఎంత బరువైనా కదిలి రావలసిందే. దారం కండెకి మోటారు పెట్టినట్టన్నమాట.

పెద్ద తుఫాను వచ్చి మా ఉద్దానంలో కొబ్బరి చెట్లను పడుకోబెట్టి పోయిన ఏడాది ఈ జీపు మా ఇంటికి వచ్చింది. అప్పటికే చేతులు మారిన పాత బండి. చెట్టు మీద చెట్టు పడి తోటలోకి అడుగు పెట్టే దారి లేదు. పెద్ద యంత్రాలు రోడ్డు పక్క తోటలకే సరిపోయాయి, మా ఇరుకు దారుల్లోకి రాలేదు. మా ఆయన స్టీరింగు పట్టుకుంటే చేతులు వణుకుతాయి. సరే, నేనే నేర్చుకున్నాను. మొద్దుకి ఇనుప తీగె తగిలించడం, స్విచ్ నొక్కడం, లాగి గట్టున పడెయ్యడం. ఏడవడానికి తీరిక లేనంత పని ఉండడం ఎంత మంచిదో అప్పుడే తెలిసింది. అక్కడ మళ్లీ నాటిన మొక్కలు ఇప్పుడు నన్ను దాటి పెరిగాయి. వాటి కింద నిలబడితే నీడ కూడా పడుతోంది.

మా తోట దాటితే సరుగుడు చెట్లు, అవి దాటితే ఇసుక, ఆపైన సముద్రం. ఆ సరుగుడు చెట్ల అంచునే వేటకి వెళ్లే వాళ్ల ఊరు. అక్కడి నుంచి ఒకావిడ ఏళ్ల తరబడి మా ఇంటికి చేపల గంప తెస్తోంది. మాకేం చుట్టరికం లేదు. మొదటి రోజు గంప దించుతూనే నన్ను ఒదినా అంది, నేనూ కాదనలేదు. దాంతో ఆవిడ మొగుడికి నేను అప్పనైపోయాను. అప్పంటే మా వైపు అక్క. కొన్నాళ్లకి ఆ పిలుపులే నిజమైపోయాయి. ఆవిడ కూతుళ్లకి తల నొచ్చినా నాకే చెప్తారు.

వాళ్లకో పడవ ఉంది. ఫైబరుది, వెనక ఇంజను. నీలం రంగు, ముక్కు దగ్గర ఎర్రటి పట్టీ. సుబ్బరమైన పడవ, ఏడాదిగా సరుగుడు చెట్ల కింద బోర్లా పడి ఉంది. దాని కింద ఆవిడ కోడి పిల్లల్ని పెట్టింది.

పడవకి జబ్బేమీ లేదు, జబ్బంతా ఊరికే. మా తీరంలో పడవ ఆగడానికి కట్టిన చోటు అంటూ లేదు. వేట నుంచి వచ్చిన పడవని కెరటం మీద నుంచే ఒడ్డుకి తోసుకొచ్చి, అందరూ తలో చెయ్యీ వేసి, పోటు తగలనంత పైకి లాక్కోవాలి. పూర్వం ఒకరి పడవ వస్తే ఊరంతా దిగేది. ఇప్పుడు ఊర్లో మగాళ్లేరీ? వేట నిషేధం ఎత్తేశాక ఒక్కో బ్యాచ్ పలాస స్టేషనులో రైలెక్కి గుజరాత్ వైపు పోతుంది. అక్కడ ఎవరివో పెద్ద బోట్ల మీద నెలల తరబడి వేట. మిగిలేది ఆడవాళ్లు, ముసలాళ్లు, బళ్లోకి పోయే పిల్లలు. అంత బరువు పడవని వీళ్లు ఇసుకలో ఎక్కించగలరా? ఎక్కించలేరు గనక ఉన్నవాళ్ల పడవలు కూడా బోర్లా పడుకుంటున్నాయి. పడవ పడుకుంది గనక ఆ మగాడూ రైలెక్కుతున్నాడు. ఒకటి పోతే దాని వెనక ఇంకోటి.

ఆవిడ మొగుడు కిందటేడు అలాగే వెళ్లాడు. అతను అక్కడున్నన్నాళ్లూ ఆవిడ గంప దించి మా అరుగు మీద కూర్చుని, ఫోన్లో సిగ్నల్ ఉందో లేదో చూసుకునేది. చిన్న కూతురు, తండ్రి తిరిగొచ్చిన రోజు, ఎవరో కొత్త మనిషి వచ్చాడని తలుపు వెనక దాక్కుందట. ఆ మాట చెప్తూ ఆవిడ నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఈ ఏడు కూడా శ్రావణం రాకముందే వెళ్తున్నాడని ఒకరోజు చెప్పింది. పలాస బజార్లో కొత్త బ్యాగు కూడా కొనేశాడట. చెప్పి, వీధిలో ఉన్న జీపు వైపు చూసింది.

"ఒదినా, మీ జీపు అన్ని సెట్లు లాగింది కదా. పడవని లాగదా?"

నేను ఎందుకు లాగదన్నాను. అలా అనేశాక ఇక మాట మీద నిలబడాలి కదా.

మర్నాడే జీపు తీసుకుని ఇసుక దాకా పోయాను. వించ్‌కి అప్పుడున్నది పాత ఇనుప తీగె. ఉప్పుగాలికి తుప్పు పట్టి, అక్కడక్కడా పోగులు తెగి ముళ్లలా లేచి ఉంది. తోటలో పొడి మొద్దులు లాగినన్నాళ్లు సరిపోయింది గానీ, దాన్ని తడి ఇసుక మీద నీళ్ల దాకా ఈడ్చుకుపోవడమంటే పామును తోక పట్టి లాక్కెళ్లడమే. ఆవిడ మొగుడు ఆ కొస పట్టుకుని నడిచాడు. సగం దూరంలోనే తెగిన పోగు ఒకటి అరచేతిని చీల్చింది. రక్తం తుడుచుకుని, ఇది మా పనికి రాదప్పా అని వెళ్లిపోయాడు. తప్పు అతనిది కాదు. నాకు కోపం వచ్చింది, తీగె మీద.

అప్పుడే సింథటిక్ తాడు మాట తెలిసింది. విశాఖలో ఇలాంటి సామాన్లు అమ్మే కొట్టాయనతో ఫోన్లో మాట్లాడాను. ఇనుముతో సమానంగా బరువు లాగుతుందట, నీళ్ల మీద తేలుతుందట, చేతికి మెత్తగా ఉంటుందట. అన్నిటికంటే నాకు నచ్చింది ఇంకొకటి. తెగినా ఇనుప తీగెలా వెనక్కి కొరడాలా కొట్టదు, ఉన్నచోటే పడిపోతుంది. చుట్టూ ఆడవాళ్లూ పిల్లలూ మూగే మా ఒడ్డుకి అలాంటిదే కావాలి. తెప్పించాను. టెక్కలి దాకా బస్సు పార్సిల్లో వస్తే మా ఆయన మోసుకొచ్చారు. నల్లటి తాడు, బొటనవేలంత లావు, అల్లిక జడలా ఉంది. ఆఫీసులో అందరూ గేదెకా అని అడిగారని విసుక్కున్నారు. అవునని చెప్పకపోయారా అన్నాను.

కొట్టాయన తాడు బిగించే పద్ధతి కూడా వివరంగా చెప్పాడు. పాత తీగె తీశాక డ్రమ్ము మీద గరుకులు లేకుండా గీసి తుడవాలి, లేదంటే కొత్త తాడుని కోసేస్తాయి. తాడు కొసని డ్రమ్ము మీదున్న బెజ్జం దగ్గర స్క్రూతో బిగించాలి. ఆ తర్వాత మొదటి పది చుట్లు పక్కపక్కనే, సందు లేకుండా, బిగువుగా చుట్టాలి. ఆ చుట్లు ఎప్పుడూ డ్రమ్ము మీద నుంచి బయటికి రాకూడదు. ఎందుకంటే బరువుని మోసేది స్క్రూ కాదు. డ్రమ్ముని గట్టిగా పట్టుకుని కూర్చున్న ఆ చుట్లే మోస్తాయి.

ఈ మాట ఆవిడ మొగుడికి అస్సలు నచ్చలేదు. పుట్టిన దగ్గర్నుంచి తాళ్లతో బతికిన మనిషి. తాడు దేనికైనా కట్టారంటే బలం ముడిలో ఉండాలి గానీ, ఊరికే చుట్టుకుని కూర్చున్న తాడు ఏం మోస్తుందన్నాడు. కొస ఊడిందంటే అంతా ఊడినట్టే కదా అన్నాడు. నేను మళ్లీ చెప్పాను. తల ఊపాడు. కానీ ఆ ఊపడంలో ఒప్పుకోవడం లేదు, అప్ప కదా అని మర్యాద ఉంది అంతే.

ఇంకో మాట కూడా అడిగాడు. వాళ్లలో కొత్త తాడు, కొత్త వల నేరుగా పనిలోకి పోవు. ముందు ఇంటికి పోవాలి. పసుపు బొట్టు పెట్టి, గంగమ్మ దగ్గర ఒక పూట ఉంచాలి. ఇమ్మంటే ఇచ్చాను. తాడుని భుజాన వేసుకుని పసిపిల్లని ఎత్తుకున్నట్టు తీసుకెళ్లాడు.

మర్నాడు పొద్దున్న తాడు పసుపు, అగరొత్తుల వాసనతో తిరిగొచ్చింది. ఈలోగా నేను డ్రమ్ముని గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేసి ఉంచాను. కొస బెజ్జం దగ్గర పెట్టి స్క్రూ బిగించాను. తాడు చేతికి కొంచెం జిడ్డుగా తగిలింది. కొత్త తాడుకి కంపెనీ వాళ్లు పూసే మైనమేదో అనుకున్నాను. మొదటి చుట్లు చేత్తోనే ఒకదాని పక్కన ఒకటి సర్ది చుట్టాను.

మిగతా తాడుని బిగువుగా చుట్టడానికి ఒక పద్ధతి ఉంది. తాడు రెండో కొసని చెట్టుకి కట్టి, జీపుని న్యూట్రల్‌లో పెట్టి, వించ్ తిప్పితే జీపే తనని తాను చెట్టు దగ్గరికి లాక్కుంటుంది. ఆ బరువుకి తాడు బిగిసి చుట్టుకుంటుంది. జీపుకి బరువు చాలదని ఊర్లో ఆడవాళ్లందరినీ ఎక్కించాను. ఇసుకలో డ్రైవరు సీటు ఖాళీగా, వెనకంతా నిండుగా, జీపు నత్తలా సరుగుడు చెట్టు వైపు నడిచింది. నేను పక్కనే నడుస్తూ చేతిలో స్విచ్‌తో తాడు సర్దుతున్నాను. పెళ్లికి పోతున్నట్టుగా ఉందని లోపల ఒక ముసలమ్మ అంటే, ఎవరిదని ఇంకొకామె అడిగింది. ఆ పూట నాకు కోపమే రాలేదు.

మధ్యాహ్నం పడవని కోళ్ల మీద నుంచి లేపి, నీళ్ల అంచుకి దింపాం. జీపు కదలకుండా వెనక నుంచి గొలుసుతో, తుఫానుకి పడిన చెట్టు మొదలుకి కట్టేశాను. ఇసుక మీద కొబ్బరి మట్టలు పరిచాం. పడవ ముక్కుకి తాడు కట్టి అతను చెయ్యెత్తాడు. స్విచ్ నొక్కాను.

పడవ కదిలింది. మట్టల మీద బుసబుసమంటూ పైకి వస్తోంది. ఆడవాళ్లు పక్కన నడుస్తూ వస్తున్నారు. సగం ఏటవాలు ఎక్కేసరికి మోటారు చప్పుడు మారింది. డ్రమ్ము తిరుగుతోంది, పడవ మాత్రం ఆగిపోయింది. నాకు అర్థమయ్యేలోపే టప్పున స్క్రూ ఎగిరిపోయింది. తాడు మొత్తం డ్రమ్ము మీద నుంచి జారి ఇసుకలో పడింది. పడవ వెనక్కి జారి, కెరటానికి అడ్డం తిరిగి, నిండా నీళ్లు పోసుకుంది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. తాడు కొట్టాయన చెప్పినట్టే ఉన్నచోట పడిపోయింది. ఇనుప తీగె అయితే పక్కన నడుస్తున్న ఆడవాళ్లని కొరడాలా కొట్టేది. అందరూ కలిసి నీళ్లు తోడి, పడవని ఎలాగో ఒక పక్కకి చేర్చేసరికి చీకటి పడబోయింది. అతను స్క్రూ పడిన చోట ఇసుకలో వెతుకుతూ కూర్చున్నాడు. అదే నన్ను ఎక్కువ కోసింది.

ఇంటికొచ్చాక కూడా నా బుర్రకి ఎక్కలేదు. చుట్లు తక్కువ కాలేదు, నేనే దగ్గరుండి చుట్టాను. డ్రమ్ము శుభ్రం. తాడు కొత్తది. మరి పట్టు ఎలా తప్పింది?

జవాబు నా అరచేతుల్లోనే ఉంది. పొద్దున్న లేచేసరికి అవి మంట, దురద. వేళ్ల సందుల్లో చర్మం నల్లబడి పొక్కులు లేచాయి. ఆ పొక్కులు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. జీడి తోటలో పుట్టి పెరిగినదాన్ని. పిక్కలు కాల్చి కొట్టేటప్పుడు తొక్కలోంచి చిమ్మే జీడిసొన ఎక్కడ పడితే అక్కడ ఇలాగే చేస్తుంది. పలాసలో పిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. కానీ ఈమధ్య నేను పిక్క ముట్టలేదు. ముట్టింది తాడు ఒక్కటే.

జీపెక్కి సరాసరి వాళ్లింటికి పోయాను. దారంతా తిట్లు కూర్చుకున్నాను, మంచి మంచివి. ఆవిడ గుమ్మంలో కత్తిపీట ముందు చేపలు కోస్తోంది. అతను చూరు కింద కూర్చుని వల చూసుకుంటున్నాడు. పక్కనే కొత్త బ్యాగు, సగం సర్ది ఉంది.

"తాడుకి జీడిసొన రాసినావా?" అన్నాను.

అతను తల వంచుకోలేదు. పైగా నేను కనిపెట్టినందుకు సంతోషించినట్టే చూశాడు.

"రాసినానప్పా. అంతటికీ కాదు, లోపలుండిపోయే కొసకే. బయటి తాడు ఎండ సూత్తాది, గాలి సూత్తాది. ఆ కొస డ్రమ్ములోనే పడుంటాది కదా. ఉప్పునీరు దిగి అక్కడే కుళ్లిపోద్ది. పడవ అడుక్కి రాసినట్టే రాసినాను. పదేళ్లయినా మన్నుతాది."

నేను కూర్చుకున్న తిట్లన్నీ ఎటు పోయాయో తెలీదు. వాళ్ల తాతల నాటి నుంచీ చెక్క పడవకీ, నూలు వలకీ ఆ సొనే రాసి కాపాడుకున్నారు. అది రాస్తే పురుగు పట్టదు, నీరు దిగదు. ఆ తాడుకి చెయ్యగలిగిన మర్యాదల్లో పెద్ద మర్యాద చేశాడు. ఎక్కడ చెయ్యకూడదో సరిగ్గా అక్కడే చేశాడు. డ్రమ్ముని పట్టుకోవలసిన పది చుట్లకీ నూనెలాంటి సొన పూస్తే అవి దేన్ని పట్టుకుంటాయి? ఈ మాట అతనికి మెల్లగా చెప్పాను. ఈసారి అతను తల ఊపలేదు. వల పక్కన పెట్టి, తన అరచేతిలో పాత తీగె చీల్చిన మచ్చ చూసుకున్నాడు.

ఆవిడ కత్తిపీట మీద నుంచి లేవలేదు. చేప చేతిలోనే ఉంది. మొగుడి వైపు చూసి నెమ్మదిగా అడిగింది.

"పదేళ్లు మన్నాలని రాసినావా? రైలెక్కీవోడికి తాడు పదేళ్లుంటే ఏటి, పది రోజులుంటే ఏటి?"

  ఆ బ్యాగు సర్దుతున్న మనిషికి వెళ్లడం ఎంత ఇష్టం లేదో, ఆ సొన రాసిన కొసలోనే ఉంది. నేను తాడు గురించి వచ్చాను. ఆవిడ మనిషిని పట్టుకుంది.

అతను బ్యాగుని కాలితో పక్కకి జరిపాడు. పడవ ఒక్కసారి మనుషులు లాగకుండా పైకి ఎక్కిందంటే ఉండిపోతానన్నాడు. ఎక్కకపోతే మాత్రం తనని ఆపవద్దన్నాడు. బ్యాచ్‌ని స్టేషనుకి తీసుకెళ్లే ఆటో వచ్చేలోపు ఇక ఎక్కువ రోజుల్లేవు.

సొన అంటిన కొసని ముందు బోరు దగ్గర సబ్బు పెట్టి ఉతికాం, బూడిద పెట్టి రుద్దాం. పైపైన పోయింది గానీ అల్లిక లోపలికి దిగింది పోలేదు. ఆ ముక్క కోసెయ్యడం తప్ప దారి లేదు. అతను ఒప్పుకోలేదు. ఇంకా చేప ముట్టని, పసుపు ఆరని తాడుని కొయ్యకూడదట, అరిష్టమట. నేను వాదించబోయాను. ఆవిడ వాదించలేదు. తాడు తీసుకుని కత్తిపీట మీద పెట్టి, సొరచేప తోక కోసినట్టు కోసేసింది. అతను అటు తిరిగి సముద్రం వైపు చూస్తూ నిలబడ్డాడు. కోసిన ముక్కని మాత్రం పారెయ్యనివ్వలేదు, చుట్టగా చుట్టి చూరులో పెట్టాడు.

పలాస నుంచి కొత్త స్క్రూ తెచ్చాను. డ్రమ్ముని సబ్బుతో కడిగి, ఆరబెట్టి, పొడిబట్టతో తుడిచాను. ఈసారి మొదటి చుట్లు అతనే చుట్టాడు, పొక్కులున్న నా చేతుల్ని ముట్టుకోనివ్వలేదు. చుట్టు పక్కన చుట్టు, గోరు దూరే సందు కూడా లేకుండా వేశాడు. తాడుని ప్రేమించే మనిషి చేతిలో పడితే ఏదైనా అలాగే కూర్చుంటుంది.

ఆ చుట్లు ఎక్కడ అయిపోతాయో గుర్తుండాలి కదా. ఆవిడ వల కుట్టే సూదితో అక్కడ ఎర్రదారం కుట్టింది. ఆ దారం డ్రమ్ము మీద ఉన్నంతవరకే తాడు బయటికి లాగాలి, దాటనివ్వకూడదు. కుట్టడం అయ్యాక దారం పంటితో తెంపి, నాతో అంది.

"ఊరికి కూడా ఇలాటి సుట్లు కొన్నుండాల ఒదినా. అంతా బయటికెల్లిపోతే లాగడానికేటుంటాది?"

మొగుడు పక్కనే ఉన్నాడు. విననట్టే స్క్రూ మళ్లీ బిగించి చూశాడు.

ఆటో రావలసిన రోజు తెల్లారకముందే అతను పడవ నీళ్లలోకి దింపాడు. తోడు అతని చిన్నాన్న, ఇంకో ముసలాయన. దింపడం అంత కష్టం కాదు, పల్లం వైపే కదా. ఆవిడ చీకట్లోనే నాకు ఫోన్ చేసి, జీపు తెమ్మంది. నేను చేరేసరికి పడవ అప్పుడే కెరటాలు దాటి చుక్కలా కనిపిస్తోంది.

కాస్త పొద్దెక్కాక ఆటో వచ్చింది. ఊరి మధ్య ఆగి హారన్ కొట్టింది. ఇద్దరు కుర్రాళ్లు బ్యాగుల్తో ఎక్కారు. మూడో మనిషి కోసం మళ్లీ కొట్టింది. ఆవిడ వెళ్లి, వేటకెళ్లాడని చెప్పి వచ్చింది. ఎప్పుడొస్తాడని అడిగారట, సముద్రాన్ని అడగమందట. ఆటో వెళ్లిపోయింది. ఆవిడ వచ్చి నా పక్కన ఇసుకలో కూర్చుంది. ఇంకో వారంలో ఇంకో ఆటో వస్తుందని మా ఇద్దరికీ తెలుసు. ఈ పూట పడవ జారిపోతే దాన్లో ఎక్కుతాడనీ తెలుసు. ఇద్దరం ఆ సంగతి మాట్లాడకుండా చింతపండు ధర దగ్గర్నుంచి పిల్లల చదువుల దాకా అన్నీ మాట్లాడుకున్నాం.

ఎండ చురుక్కుమనే వేళకి పడవ తిరిగొచ్చింది. గాలి పెరిగింది, కెరటం మొన్నటి కంటే పెద్దదిగా ఉంది. అతను ఇంజను ఎత్తేసి, సరైన కెరటం చూసుకుని, దాని మీదే పడవని ఒడ్డుకి తెచ్చేశాడు. ఆవిడ చీర ఎగదోపుకుని నీళ్లలోకి దిగి తాడు కొస విసిరింది. తేలే తాడు గనక నీళ్ల మీద దానంతటదే అతని చేతి దాకా పోయింది. ముడి వేశాడు. ఆ ముడి మాత్రం అతనిదే, దాని గురించి నేను నోరెత్తను. చెయ్యెత్తాడు.

నేను డ్రమ్ము వైపు చూశాను. ఎర్రదారం దాని చోట అది ఉంది. స్విచ్ నొక్కాను.

తాడు బిగిసింది, నీళ్లు పిండుకుంటూ నిటారుగా లేచింది. పడవ కదిలింది. మట్టల మీదికి ఎక్కింది. మొన్న ఆగిన చోటుకి వచ్చేసరికి మోటారు వైపు చెవి పెట్టాను. చప్పుడు మారలేదు. చుట్లు ఇనుముని కరిచిపట్టుకున్నాయి. చేపలతో, ఇంజనుతో, తడిసిన వలతో ఆ నీలం పడవ ఏటవాలు ఎక్కి, పోటు గుర్తు దాటి, సరుగుడు నీడలోకి వచ్చి ఆగింది. దాని మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు. ముసలమ్మలు పక్కన ఊరికే నడుచుకుంటూ వచ్చారు. చెయ్యి వెయ్యకుండా నడవడం వాళ్లకి కొత్త, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగులు పట్టుకున్నారు.

అతను డ్రమ్ము దగ్గరికి వచ్చి వంగి చూశాడు. స్క్రూ మీద వేలు పెట్టి కదిపాడు. దాని మీద ఏ బరువూ పడనట్టు ఉన్నది ఉన్నట్టే ఉంది. తర్వాత లోపలి చుట్ల మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉంచాడు. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే. ఉప్పుగాలి అని చెప్పి తుడుచుకున్నాను.

ఇప్పుడు మా ఒడ్డున ఇంకో రెండు పడవలు నీళ్లు చూస్తున్నాయి. రోజూ జీపు తీసుకుపోవడం నావల్ల కాదని, ఆవిడకే బండీ, వించూ రెండూ నేర్పాను. స్విచ్ పట్టుకుంటే ఆవిడ నాకంటే గట్టిగా అరుస్తుంది, ఎర్రదారం డ్రమ్ము దాటేలా తాడు లాగిన వాళ్ల పని అయిపోయినట్టే. ఊరంతా వెనక్కి వచ్చిందని చెప్పను. రాలేదు. రైలెక్కేవాళ్లు ఇంకా ఎక్కుతూనే ఉన్నారు. కానీ పోయిన నెల పక్కింటి కుర్రాడు ఫోన్ చేసి, ఆ జీపు నిజంగానే లాగుతోందా అని అడిగాడట. నిజమే, వచ్చి చూసుకో అని చెప్పిందట ఆవిడ.

మొన్న వాళ్లింటికి భోజనానికి పిలిచారు. చేతులు కడుక్కుని తలెత్తితే చూరు వాసానికి ఆ కొత్త బ్యాగు వేలాడుతోంది. జిప్పు తీసి ఉంది, లోపల వలకి కట్టే తేలుడు బెండ్లు నింపి ఉన్నాయి. దాన్ని వాసానికి కట్టింది ఆవిడ కత్తిపీట మీద కోసిన నల్లతాడు ముక్కతోనే. చూస్తే ముడి మీద ముడి వేసి ఉంది. ఎప్పటికైనా విప్పే ఉద్దేశం ఉన్న వాళ్లెవరూ అలా కట్టరు.

అంత బరువు ఆ ముక్క ఆపుతుందా అని కావాలనే అడిగాను. అన్నం వడ్డిస్తున్న ఆవిడ నవ్వు ఆపుకుంది. అతను పీట మీద నుంచే తలెత్తి బ్యాగు వైపు చూశాడు.

"కుళ్లదప్పా," అన్నాడు. "సొన రాసినాను కదా."